అత్తమ్మ పొయ్యి, మరిది మిషన్, మధ్యలో నేను

దేవరకొండ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక కోడలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. విషయం మాత్రం కుదించి చెబుతాను.

ఇంట్లో ఆరుగురు. అత్తమ్మ, మామ, భర్త, ఈమె, ఇద్దరు పిల్లలు. ఆరెకరాల పత్తి, గట్ల పొంట కొంత కంది. ఈమె ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ఆరుగురికీ స్నానానికి ఉడుకు నీళ్లు కావాలి. పెరట్లో బాత్రూం గోడకు ఆనుకొని మూడు రాళ్ల పొయ్యి, దాని మీద అత్తమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి కాగు. తెల్లారి నాలుగున్నరకు అత్తమ్మ పొయ్యి అంటిస్తుంది. రెండేళ్లుగా ఆమెకు మోకాళ్ల నొప్పులు. అందుకని అంటించడం ఆమె పని, ఆ తర్వాత కట్టె ఎగదోయడం, నీళ్లు తోడిపోయడం, మళ్లీ కాగు నింపడం ఈమె పని. ఎనిమిదింటికి బడిలో ఉండాలి. పత్తి కట్టె సన్నగా ఉంటుంది, భగ్గున మండి ఆరిపోతుంది, పక్కన కూర్చోకపోతే నీళ్లు కాగవు. "పిల్లలకు జడ వేస్తూ పొయ్యి దగ్గరికి నాలుగుసార్లు ఉరుకుతా" అని రాశారు.

మామకు డెబ్భై రెండేళ్లు. నిరుటి నుంచి ఆయాసం. నల్లగొండలో డాక్టరుకు చూపిస్తే పొగ తగలకుండా చూసుకోమన్నారు. ఆయన పడుకునే గది కిటికీ సరిగ్గా పొయ్యి పైనే ఉంది. కిటికీ మూస్తే ఊపిరాడదంటాడు, తెరిస్తే పొగ.

మరిది నార్వేలో ఉద్యోగం చేస్తాడు, అక్కడే ఇల్లు కొన్నాడు. దసరాకు వచ్చినప్పుడు తండ్రి దగ్గు విని బెంగపడ్డాడు. "వదినా, మా ఇంట్లో హీట్ పంపు ఉంది. బయట మైనస్ పదిహేను ఉన్నా ఇల్లంతా వెచ్చగా ఉంచుతుంది. ఇక్కడ నాలుగు బకెట్ల నీళ్లు దానికి ఒక లెక్కనా?" అన్నాడు. హైదరాబాద్‌లో ఒక షాపు వాళ్లను అడిగి 200 లీటర్ల మిషన్‌కు లక్షా నలభై వేలని ధర కూడా చెప్పించాడు. డబ్బు తానే పంపుతానన్నాడు. భర్త, "అంత ఎందుకు, ఎనిమిది వేలు పెడితే గీజర్ వస్తుంది" అంటాడు. అత్తమ్మ రెండూ వద్దంటుంది. "కట్టె మనది, నీళ్లు మనవి. కరెంటు నీళ్లకు ఒళ్లు నొప్పులు పోవు" అన్నది ఆమె మాట. ఇంతలో యారాలు (మరిది భార్య) ఫోన్‌లో, "మేం ఏదిచ్చినా అక్కడ ఎవరికీ నచ్చదు" అన్నదట. దీపావళి నుంచి అత్తమ్మ చిన్నకొడుకుతో సరిగా మాట్లాడటం లేదు. ఉత్తరం చివర రెండు వాక్యాలున్నాయి: "నాకు ఈ పొగ వద్దు. కానీ అత్తమ్మను ఓడించి ఏదీ తెచ్చుకోవాలని లేదు."

అమ్మా, ఆ చివరి వాక్యం రాసినందుకే మీకు ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

ముందు మీ మరిది మాట చూద్దాం, ఎందుకంటే ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా? లోపల పెట్టిన కూరల్లోంచి, పాలల్లోంచి లాగిన వేడి అది. హీట్ పంపులోనూ అలాంటి కంప్రెసరే, అలాంటి గ్యాసే. కాకపోతే ఇది బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్లకు ఇస్తుంది. గీజర్ ఒక యూనిట్ కరెంటు తిని ఒక యూనిట్ వేడే ఇస్తుంది. ఇది ఒక యూనిట్ తిని మూడు యూనిట్ల దాకా ఇస్తుంది, మిగతా రెండూ గాలిలోంచి వచ్చినవి. గాలి ఎంత వెచ్చగా ఉంటే దానికి అంత సులువు. నార్వే చలిలో కంటే మన దగ్గర, చలికాలం మధ్యాహ్నం 28, 30 డిగ్రీల ఎండలో, ఆ మిషన్ ఇంకా బాగా పనిచేస్తుంది. మధ్యాహ్నం నడిపి ట్యాంకులో నీళ్లు వేడిచేసి పెట్టుకుంటే తెల్లారేదాకా వేడిగానే ఉంటాయి.

నార్వేలో వందకు అరవై ఇళ్లలో ఈ పంపులున్నాయి. అక్కడ 2020 నుంచి ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి నూనె కాల్చడం నిషేధం. కరెంటు దాదాపు అంతా జలవిద్యుత్తే. ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఇరవై నాలుగు గంటలూ ఇల్లంతా వేడి చేసుకోవాలి. అంత వేడి కొనాల్సి వచ్చినప్పుడు మూడో వంతు ఖర్చుతో ఇచ్చే మిషన్ కొన్నేళ్లలోనే తన ధర తాను రాబట్టుకుంటుంది. మరిది ఇంటి లెక్క అది, ఆ ఇంటికి సరైన లెక్క.

మీ ఇంటికి వేరే లెక్క వేయాలి. బడిలో లెక్కలు కూడా చెబుతానన్నారు కాబట్టి ఇది మీకు కష్టం కాదు. ఒక లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలో క్యాలరీ. ఒక యూనిట్ కరెంటు అంటే 860 కిలో క్యాలరీలు. మనిషికి పాతిక లీటర్ల చొప్పున ఆరుగురికి 150 లీటర్లు. చలికాలం పొద్దున ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలుంటే 40 డిగ్రీలకు తేవాలి. అంటే 3,000 కిలో క్యాలరీలు, దగ్గర దగ్గర మూడున్నర యూనిట్లు. వృథా కూడా కలుపుకుంటే గీజర్‌కు రోజుకు నాలుగు యూనిట్లు. హీట్ పంపుకు ఒకటింపావు, ఒకటిన్నర మధ్య. రోజుకు రెండున్నర యూనిట్ల పైచిలుకు ఆదా. నాలుగు నెలలకు మూడొందల యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలేసుకున్నా ఏడాదికి రెండు వేల నాలుగొందలు. లక్షా నలభై వేలు తిరిగి రావాలంటే మీ మనవళ్లు కూడా ఆ నీళ్లతోనే స్నానం చేయాలి. ఆ మిషన్ పది, పదిహేనేళ్లకు మించి ఉండదు.

అయితే మీ ఉత్తరంలో ఒక చిన్న మాట ఈ లెక్కను కొంచెం తిప్పుతుంది. మీకు తెల్ల రేషన్ కార్డు ఉంది, రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వస్తోంది, చలికాలం నెలకు 130 యూనిట్లు కాలుతాయి అని రాశారు. 2024 మార్చి నుంచి వస్తున్న ఆ జీరో బిల్లు 200 యూనిట్ల వరకే. దాటితే దాటిన యూనిట్లకే కట్టి ఊరుకోవడం కుదరదు, ఆ నెల మొత్తం బిల్లు మీదే. మీ ఆయన చెప్పిన గీజర్‌తో ఆరుగురూ స్నానం చేస్తే నెలకు 120 యూనిట్లు పెరిగి 250కి చేరుతారు. మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసలు, ఆపైన 7 రూపాయల 70 పైసల చొప్పున 1,400 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీలు అదనం. ఎనిమిది వేల గీజర్ అన్నారు గానీ చలికాలానికి ఐదారు వేల బిల్లు దాని తోకకు కట్టుకొని వస్తుంది. హీట్ పంపు అయితే నెలకు 40, 45 యూనిట్లే, 175 దగ్గర ఆగుతారు, జీరో బిల్లు పోదు. అలా చూస్తే ఏడాదికి ఐదారు వేలు మిగులుతుంది. అప్పటికీ ధర తిరిగి రావడానికి పాతికేళ్లు.

కాబట్టి నా అభిప్రాయం దాచను: మీ ఇంటికి ఆ మిషన్ పెద్దది. రోజూ వేల లీటర్ల ఉడుకు నీళ్లు కావలసిన హాస్టలుకో, లాడ్జికో, ఆసుపత్రికో అది బంగారం. మీ ఆయనకు దేవరకొండలో నాలుగు గదులు కట్టి బడిపిల్లలకు అద్దెకివ్వాలనే ఆలోచన ఉందని రాశారు. అది జరిగితే హీట్ పంపు మాట మళ్లీ ఎత్తండి. ఈలోపు కొనాలనే అనుకున్నా మూడు సంగతులు ముందే తెలుసుకోండి. సింగిల్ ఫేజ్‌లో ఓల్టేజీ పడిపోయే ఊళ్లో కంప్రెసర్‌కు స్టెబిలైజర్ తప్పదు. పాడైతే ఎక్కడి నుంచి మనిషి వస్తాడు, ఎన్ని రోజుల్లో వస్తాడు అని షాపు వాణ్ని కాగితం మీద రాసిమ్మనండి. ఇక మీ బోరు నీళ్లు. గిన్నెలకు తెల్లగా పేరుకునే సున్నం ఏ ట్యాంకులోనైనా పేరుకుంటుంది, అది గీజరైనా, హీట్ పంపైనా. వేడిచేసే నీళ్లకు వీలైతే ప్రభుత్వ నల్లాలో వచ్చే భగీరథ నీళ్లు పట్టండి. (మాట వచ్చింది కాబట్టి: నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందని మీ అత్తమ్మ అంటుందని రాశారు. పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి కాగు నీళ్లు వాడకండి.)

ఇక గీజర్ గురించి. మీ ఆయన మాటను పూర్తిగా కొట్టేయాల్సిన పని లేదు. మామకు, ఇద్దరు పిల్లలకు మాత్రమే గీజర్ నీళ్లు అనుకుంటే రోజుకు ఒకటిన్నర యూనిట్, నెలకు 45. అప్పుడూ 175 దగ్గరే ఉంటారు. పాతిక లీటర్ల గీజర్‌లో నీళ్లు 60 డిగ్రీలకు కాగితే చల్లనీళ్లు కలిపి యాభై లీటర్లవుతాయి. ఒక్కసారి వేడి చేస్తే ముగ్గురికీ దాదాపు సరిపోతుంది. అరగంట, ముప్పావు గంట పడుతుంది. ఆ తర్వాత స్విచ్ ఆపేయాలి. ఆపడం మరిచిపోయే ఇంట్లో ఈ లెక్క పనిచేయదు, అది మీకే తెలియాలి. నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకోవడం అలవాటు చేసుకోండి. మీ ఇల్లు పాతది కాబట్టి ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి, షాక్ కొడితే వెంటనే లైను కట్ చేసే బ్రేకర్ పెట్టించండి.

"అప్పటిదాకా బకెట్‌లో పెట్టే రాడ్ వాడుతున్నాం" అని ఒక మూల రాశారు. ఆ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను, మానేయండి. తడి నేల, ప్లాస్టిక్ బకెట్, నీళ్లు కాగాయా అని వేలు పెట్టి చూసే పిల్లలు. చలికాలంలో ఇలా ప్రాణాలు పోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. గ్యాస్ గీజర్ ఎవరైనా చెబితే అది కూడా మూసిన బాత్రూంలో పెట్టించొద్దు. గాలి ఆడని చోట మండితే వాసన లేని విషవాయువు పేరుకుంటుంది, స్నానం చేసే మనిషికి తెలిసేలోపే స్పృహ తప్పుతుంది.

ఇప్పుడు పొయ్యి దగ్గరికి వద్దాం. ఉత్తరంలో మీకు తెలియకుండానే అన్నిటికంటే ఎక్కువ రాసింది దీని గురించే.

కట్టె ఉచితం అన్నది అత్తమ్మ మాట. డబ్బు లెక్కలో నిజమే. పత్తి ఏరడం అయిపోయాక ఆ కట్టె ఎలాగూ పీకించాలి, లేకపోతే చేనులోనే కాలబెడతారు. కానీ ఆ ఉచితం వెనక ఏముందో చూడండి. ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలో క్యాలరీల వేడి ఇస్తుంది. మూడు రాళ్ల పొయ్యిలో దాంట్లో పదో వంతో, మహా అయితే ఏడో వంతో నీళ్లకు చేరుతుంది, మిగతాది గాలికి పోతుంది. మీకు కావలసిన 3,000 కిలో క్యాలరీలకు రోజుకు ఏడు కిలోల కట్టె కావాలి. నాలుగు నెలలకు ఎనిమిది క్వింటాళ్లు. పీకించాలి, ట్రాక్టరులో తేవాలి, వానకు తడవకుండా పేర్చాలి, ఆ కుప్పలో తేళ్లు చేరితే చూసుకోవాలి, రోజూ తెల్లవారుజామున ముప్పావు గంట పొయ్యి ముందు కూర్చోవాలి. ఆ ముప్పావు గంట ఇదివరకు అత్తమ్మది, ఇప్పుడు మీది. కాగు గురించి మాట్లాడేవాళ్లెవరూ ఆ ముప్పావు గంటను లెక్కలో వేయడం లేదు. మరిది, మీ ఆయన కూడా వేయలేదు.

పొగ సంగతి డాక్టరు చెప్పారు కాబట్టి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇళ్లలో కట్టె, పిడక, బొగ్గు కాల్చే పొగ వల్ల ప్రపంచంలో 2020లో 32 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పెరట్లో పొయ్యి కాబట్టి ఫర్వాలేదనుకుంటాం. కానీ చలికాలం తెల్లవారుజామున గాలి కదలదు, పొగ పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. ఆ పొగకు సరిగ్గా పైన మామ కిటికీ. పొయ్యి త్వరగా అంటుకోవడానికి ప్లాస్టిక్ కవర్లు వేస్తారని రాశారు. కట్టె పొగ కంటే అది మరీ చెడ్డది. ఈ ఉత్తరం చదివిన రోజే అది ఆపండి. ఎండు కొబ్బరి పీచు, కంది పొట్టు, ఏదైనా సరే గానీ కవర్లు వద్దు.

కాగును తీసేయకుండానే ఈ పొగను చాలావరకు మామకు దూరం చేయొచ్చు. పొయ్యిని కిటికీకి దూరంగా, పెరటి అవతలి మూలకు జరపడం అన్నిటికంటే చవకైన పని. తెల్లవారుజామున గాలి ఎటు పోతుందో రెండు రోజులు చూసి జరపండి. నీళ్లు మోసే దూరం పెరుగుతుంది, అది మీ ఒంటి మీద పడుతుంది, అందుకని అక్కడి నుంచి బాత్రూంకు ఒక పైపు లాగించాలి. ఇంకో దారి పొగగొట్టం ఉన్న కట్టెల బాయిలర్. నడుమ గొట్టంలో మంట, చుట్టూ నీళ్లు, పైన గొట్టం లోంచి పొగ ఇంటి కప్పు దాటి పోతుంది. కట్టె సగం దాకా తగ్గుతుంది, మంట పక్కన అంతసేపు కూర్చోవాల్సిన పని ఉండదు. పత్తి కట్టె కాకుండా ఎండిన సర్కారు తుమ్మ మొద్దులైతే ఇంకా నిలిచి మండుతాయి. మీ చేను గట్టున అది ఎంత తీసేసినా మళ్లీ మొలుస్తుందని మీరే రాశారు. ఏ కట్టె అయినా ఒక ఎండాకాలం బాగా ఎండితేనే పొగ తగ్గుతుంది. ఇంత చేసినా పొగ ఉండదని మాత్రం అనను. తగ్గుతుంది. మామ ఆయాసం ముదిరితే తగ్గడం చాలదు.

ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది, సోలార్ వాటర్ హీటర్. మనకు వేన్నీళ్లు కావలసిన డిసెంబరు, జనవరిల్లోనే ఆకాశం తేటగా ఉంటుంది. మబ్బు పట్టే వానాకాలంలో వేన్నీళ్ల అవసరం తక్కువ. చలికాలంలో కూడా మబ్బు పట్టే ఊళ్లకు కుదరని ఆ అదృష్టం నల్లగొండకు ఉంది. 200 లీటర్లది ముప్పై, నలభై వేలల్లో వస్తుంది, కరెంటు అక్కర్లేదు, 200 యూనిట్ల టెన్షన్ లేదు. పొయ్యి ముందు ముప్పావు గంటా మిగులుతుంది. ఇబ్బందులు మాత్రం నిజమైనవే. మీ డాబా మీద అత్తమ్మ మిరపకాయలు, వడియాలు ఎండబెడుతుంది, ఆ చోటు కొంత పోతుంది. నీళ్ల ట్యాంకు సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి, అంటే స్టాండు కట్టించాలి. ఉప్పు నీళ్లకు గాజు గొట్టాల్లో సున్నం పడుతుంది, ఏడాదికోసారి శుభ్రం చేయించాలి. ఇక కోతులు. మీ ఊళ్లో అవి పెంకులు పీకి, టీవీ గొడుగులు వంచిన సంగతి రాశారు కాబట్టి జాలీ పెట్టించకుండా గాజు గొట్టాల జోలికి పోవద్దు. ఇంకో మాట, కేంద్రం ఇచ్చే సూర్య ఘర్ సబ్సిడీ కరెంటు తయారుచేసే సోలార్ పలకలకే. నీళ్ల హీటర్‌కు కూడా వస్తుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

ఇంత వరకు వస్తువుల గురించి. ఇప్పుడు అత్తమ్మ.

ఆమె "కరెంటు నీళ్లకు ఒళ్లు నొప్పులు పోవు" అంటే మీకు మొండితనంలా వినిపించి ఉండొచ్చు. నాకు అలా అనిపించలేదు. కాగులో నీళ్లు నిప్పుల మీద పదింటిదాకా వేడిగా ఉంటాయి. ఆమె మోకాళ్లకు కాపడం పెట్టుకోవాలన్నా, ఎవరైనా చుట్టం వస్తే కాళ్లకు నీళ్లివ్వాలన్నా ఎవర్నీ అడగక్కర్లేదు. గీజర్ ఆపేస్తే ఆ సుఖం పోతుంది. ఆమె అడిగేది అది అయితే, దానికి జవాబు సోలార్‌లో ఉంది, హీట్ పంపు ట్యాంకులోనూ ఉంది, కాగులో ఎలాగూ ఉంది. "ఏ నీళ్లు మంచివి" అని వాదించకుండా, "మీకు ఏ యాళకు నీళ్లు కావాలి అత్తమ్మా" అని అడిగి చూడండి. మాట ఎటు తిరుగుతుందో చూద్దురు గానీ.

రెండో సంగతి. మోకాళ్లు లేవనివ్వకున్నా నాలుగున్నరకు లేచి ఆమే అంటిస్తుంది, మిమ్మల్ని అంటించనివ్వదు అని రాశారు. నలభై ఏళ్లు ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచిన మనిషి. పొద్దున ఇల్లు మొదలయ్యేది ఆమె చేతి మీద. కొడుకు లక్షా నలభై వేల మిషన్ తెస్తానంటే ఆమెకు వినిపించింది "ఇక నువ్వు లేవక్కర్లేదు" అన్న మాట. మా ఇంట్లోనూ ఇది చూశాను. మా అమ్మకు గ్యాస్ స్టవ్ వచ్చిన ఏడాది నాయనమ్మ మూడు నెలలు పెరట్లో విడిగా వండుకుంది. రుచి తేడా అన్నది. రుచి తేడా కాదని అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు, మూడు నెలలకు తనే లోపలికి వచ్చింది. కాబట్టి ఏది పెట్టినా రాగి కాగును అటక ఎక్కించకండి, పాత సామాను వాడికి వేయకండి. సంక్రాంతికి ఇరవై మంది దిగినప్పుడు ఏ గీజరూ, ఏ సోలారూ చాలదు, ఆ రోజు ఆ కాగే దిక్కు. కరెంటు పోయిన పొద్దున కూడా అంతే. నార్వేలో హీట్ పంపు పెట్టుకున్న ఇళ్లలో కూడా కట్టెల పొయ్యి చాలామంది ఉంచుకుంటారు, మంచు తుఫానుకు కరెంటు పోతే పనికొస్తుందని. ఈ మాట మరిది చేత అత్తమ్మకు చెప్పించండి. మీరు చెబితే వేరు, వాడు చెబితే వేరు.

మరిది డబ్బు గురించి. ఆయన దూరం నుంచి తండ్రి దగ్గు ఫోన్‌లో వింటున్నాడు, ఏమీ చేయలేకపోతున్నాడు, చేతిలో ఉన్నది డబ్బు. అది కాదంటే బాధపడతాడు. అలాగని లక్షా నలభై వేల వస్తువు తీసుకుంటే, యారాలు నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క వాక్యం రేపు పది వాక్యాలవుతుంది. పొలం ఇంకా పంచుకోలేదని కూడా రాశారు. పంపకాలు కాని ఇంట్లో పెద్ద వస్తువు ఒకరి డబ్బుతో రావడం ఎప్పుడో ఒకప్పుడు లెక్కల్లోకి వస్తుంది. మధ్యేమార్గంగా మీ ఆయన ఇలా అడగొచ్చు: "మిషన్ వద్దురా, నాన్న పేరు మీద సోలార్ పెడదాం, సగం నువ్వు, సగం నేను." లేదా "గీజర్, వైరింగ్ నేను చూసుకుంటా, నాన్నను హైదరాబాద్‌లో ఒకసారి ఊపిరితిత్తుల డాక్టరుకు నువ్వు చూపించు." ఇందులో ఏదైనా మీరు అడగకండి, ఆయనతోనే అడిగించండి. మీరు అడిగితే డబ్బు కావాలన్నట్టు వినిపిస్తుంది, అన్న అడిగితే ఇంటి విషయం అవుతుంది. మీ ఆయన మౌనంగా ఉండటం వల్లే ఇది అత్తాకోడళ్ల పంచాయితీలా మారింది. ఆ మాట ఆయనకు నెమ్మదిగా అనండి, కానీ అనండి.

ఇవన్నీ చదివి మీరు ఏదో ఒకటి ఎంచుకుంటారు. డబ్బు తక్కువ, గొడవ తక్కువ కావాలంటే పొయ్యి జరిపి, మామకూ పిల్లలకూ చిన్న గీజర్. అప్పుడు మీ తెల్లవారుజాము పని సగమే తగ్గుతుంది. మీ ఒంటికీ, నిద్రకూ విశ్రాంతి కావాలంటే సోలార్. అప్పుడు ఖర్చు, డాబా, కోతులు. ఈ ఏడాదికి గీజర్, సోలార్ ఏదీ కొనలేమనుకుంటే పొగగొట్టం బాయిలర్. ఏదీ చేయకుండా ఉండటం కూడా ఒక ఎంపికే, కానీ దాని ధర మామ కడతాడు.

ఏం చేయాలన్న దాని మీద నాలుగు పేజీల్లో అందరి మాటలున్నాయి. మామ మాట ఒక్కటి లేదు. దగ్గేది ఆయన, కిటికీ ఆయనది. ఆయనకు ఏం కావాలో ఎవరైనా అడిగారా? బహుశా ఆయన "నన్ను ముందు గదిలోకి మార్చండి, పొయ్యి ఎక్కడున్నా ఫర్వాలేదు" అనొచ్చు. పైసా ఖర్చు లేని మార్గం అదే కావచ్చు. ఇవాళ రాత్రి అన్నం పెట్టేటప్పుడు అడగండి, అత్తమ్మ పక్కన ఉండగానే.

ఇంకో వారం పది రోజుల్లో మీ చేనులో పత్తి కట్టె పీకిస్తారు కదా. ట్రాక్టరు వాడు అలవాటు ప్రకారం కిటికీ కింద గోడ పక్కనే దించిపోతాడు. అక్కడ కుప్ప పడితే వచ్చే చలికాలం దాకా పొయ్యి అక్కడి నుంచి కదలదు. వాడు వచ్చేలోపు అవతలి మూల శుభ్రం చేయించి, కట్టె అక్కడ దించమని చెప్పండి.